‘క్రియోల్’ను ‘సంకరజాతి’ అనొచ్చా? (పదచర్చ)

ప్రశ్న: అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న న్యూ ఆర్లియన్స్ నగర చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాం. ముసాయిదాలో ‘క్రియోల్ కుటుంబం’ అన్నచోటల్లా ‘సంకరజాతి కుటుంబం’ అని పడింది. ఉంచవచ్చా? ‘మిశ్రమజాతి’ అంటే మేలా?

జవాబు: రెండూ వద్దండీ. ‘సంకరజాతి’ అంటే మనకు గుర్తొచ్చేది ఆవులు, విత్తనాలు. దాని వెనకే ‘వర్ణసంకరం’ అనే పాత తిట్టు కూడా ఉంది. ‘మిశ్రమజాతి’లో తిట్టు లేదు కానీ అర్థం తప్పు. పోర్చుగీసు ‘క్రియోలు’కు మూలం ‘పెంచు’ అనే ధాతువు. వలసగడ్డ మీదే పుట్టి పెరిగినవాళ్లని దాని అర్థం. స్పానిష్ అమెరికాలో ‘క్రియోల్లో’ అంటే అక్కడ పుట్టిన స్పెయిన్ సంతతి, అంటే తెల్లవాళ్లే. లూసియానాలో మొదట్లో తెల్లవాళ్లకూ బానిసలకూ కూడా ఇదే మాట వాడారు. అక్కడి బజారులో ఇప్పటికీ ‘క్రియోల్ టమాటా’ అమ్ముతారు, మనం ‘నాటు టమాటా’ అన్నట్టే. అలాగని మనుషులకు ‘నాటు’ పెట్టలేం, తెలుగులో అది మొరటుతనం అయిపోతుంది. ‘క్రియోల్’ అనే ఉంచండి.

మరో జవాబు: పై మాట సరే, కానీ రంగు సంగతి దాటేస్తే వ్యాసం సగం పోతుంది. ఫ్రెంచి హయాం నుంచే లూసియానాలో బానిసలు కాని నల్ల సంతతివాళ్లు ఒక వర్గంగా ఉన్నారు. వాళ్లను వాటాలు కట్టి పిలిచేవారు. తల్లిదండ్రుల్లో ఒకరు నల్లవారైతే ‘ములాత్ర్’, నలుగురు తాతామామ్మల్లో ఒకరైతే ‘కార్తెరాన్’, వాళ్ల పైతరం ఎనిమిది మందిలో ఒకరైతే ‘ఆక్టరూన్’. నల్లవారికీ ములాత్ర్‌కీ పుడితే ‘గ్రిఫ్’. వీటికి తెలుగు పదాలు పుట్టించకండి. మొదటిసారి వచ్చినచోట వాటా ఎంతో చెప్పి, తర్వాత పేరు వాడితే చాలు.

ఈ లెక్క మాటల్లోనే ఆగలేదు, చట్టంలోకి ఎక్కింది. రైలులో తెల్లవాళ్ల పెట్టె ఎక్కినందుకు 1892లో అరెస్టయిన హోమర్ ప్లెసీ ఎనిమిదిలో ఏడు వాటాలు తెల్లవాడు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ లూసియానాలోనే 1970 నాటి చట్టం గీత గీసింది 1/32 దగ్గర. నల్లరక్తం అంతకు మించితే నల్లవారే. అది రద్దయింది 1983లో. అలాంటి చోట, నల్లవారని తేలితే బడీ ఓటూ ఉద్యోగమూ అన్నీ మారిపోయే రోజుల్లో, ‘పాసె బ్లాంక్’ అనే మాట పుట్టింది. దీనికి మాత్రం తెలుగు ఉంది: ‘తెల్లవాడిగా చెలామణి అయినవాడు’. ‘వేషం వేసినవాడు’ అని రాస్తే మోసగాడన్న ముద్ర పడుతుంది, అది అన్యాయం. 2025లో పోప్ అయిన 14వ లియో తల్లివైపు తాతామామ్మలను 1900 జనాభా లెక్కలు న్యూ ఆర్లియన్స్‌లో నల్లవారిగా రాశాయి. 1920 నాటివి షికాగోలో తెల్లవారిగా రాశాయి. మనుషులు మారలేదు, గడి మారింది.

అడిగినవారు: ‘హై యెల్లో’ని ‘పసిమి ఛాయ’ అన్నాం. పరవాలేదా?

జవాబు: మార్చండి. పసిమి మనకు పొగడ్త, పెళ్లిచూపుల మాట. ‘హై యెల్లో’లో మెచ్చుకోలుతో పాటు ఎత్తిపొడుపూ ఉంది. ఎవరు ఎవరిని అంటున్నారన్న దాన్ని బట్టి బరువు మారుతుంది. ‘లేతరంగు నల్లజాతి మనిషి’ అని సాదాగా రాసి, ఎత్తిపొడుపును సంభాషణ ధోరణిలో చూపించండి. మీ వ్యాసంలో ఏ క్రియోల్ ముసలమ్మో మాట్లాడితే, ఆవిడ నోట ‘నలుపు నారాయణ మెచ్చు’ కూడా పెట్టకండి. ఆ నారాయణుడు మనవాడు, ఆవిడది కాథలిక్కు ఇల్లు.

ఇంకొకరు: మారిషస్ ప్రస్తావన వస్తే మరింత జాగ్రత్త. అక్కడ క్రియోల్ భాష వేరు, క్రియోల్ మనుషులు వేరు. భాష దాదాపు అందరిదీ, కూలీలుగా వెళ్లిన మన తెలుగువాళ్ల మనవల ఇళ్లలోనూ అదే. మనుషులను ‘క్రియోల్’ అంటే ముఖ్యంగా ఆఫ్రికా, మడగాస్కర్ బానిసల సంతతి. రాజ్యాంగం హిందువులు, ముస్లింలు, చైనీయులు అని మూడు వర్గాలు చెప్పి, మిగతావాళ్లందరినీ ‘సాధారణ జనాభా’లో వేసింది. అంటే తోటల యజమానుల వారసులూ, ఆ తోటల్లో బానిసలుగా మగ్గినవాళ్ల వారసులూ ఒకే గడిలో! ఆ జనానికి సొంత పేరే లేకుండా చేసిన గడి అది. ప్రాథమిక బడుల్లో తెలుగు, హిందీ, తమిళం వంటివి ఐచ్ఛికంగా ఎప్పటినుంచో ఉన్నాయి, క్రియోల్‌కు ఆ చోటు దక్కింది 2012లో. కాబట్టి ‘క్రియోల్ మాట్లాడేవాళ్లు’ని ‘క్రియోల్‌లు’ అని కుదించకండి. ఆ ఒక్క కోతతో అక్కడి తెలుగువాళ్లంతా వేరే జనమైపోతారు.

మొదట జవాబిచ్చినవారు: అయితే ‘క్రియోల్’ వచ్చిన ప్రతిచోటా ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి నోట అన్నవి చూసుకోండి. 1790ల నాటి పత్రమైతే ‘లూసియానాలో పుట్టిన’ అన్నా సరిపోవచ్చు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత తెల్ల రచయిత రాసిందైతే, ఆ మాట తెల్లవాళ్లదేనని ఆయన వాదిస్తూ ఉండొచ్చు, అప్పుడు ‘తెల్ల క్రియోల్’ అని విప్పి రాయాలి. న్యూ ఆర్లియన్స్‌లో క్రియోల్‌ల పేటగా పేరున్న సెవెన్త్ వార్డులోని నేటి కుటుంబమైతే ‘క్రియోల్’ చాలు, అది వాళ్లు తమకు తాము చెప్పుకొనే పేరు.