నమ్మకం ఉన్న విద్యార్థి మతాలను ఎలా చదవాలి?

ప్రశ్న (డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని)

నమస్కారం. ఈ ఏడాది ప్రపంచ మతాల అధ్యయనం, దైవశాస్త్రం అనే రెండు పాఠ్యాంశాలను ఎంచుకున్నాను. రోజూ ప్రార్థన చేసే ఇంట్లో పెరిగాను, ఇప్పటికీ చేస్తాను. మతాల అధ్యయనం తొలి తరగతిలోనే మా అధ్యాపకురాలు, ఏ నమ్మకం నిజమో ఏది కాదో ఈ గదిలో తేల్చబోమని అన్నారు. ఆ మాట అప్పటినుంచి నన్ను వదలడం లేదు. నాకు ప్రాణప్రదమైన విషయాన్ని పరాయి వస్తువులా బల్లమీద పెట్టి చూడమంటున్నట్టు అనిపించింది. మర్నాడు దైవశాస్త్రం తరగతిలో మాత్రం చర్చ అంతా సత్యం గురించే సాగింది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది? నమ్మకం ఉన్న మనిషి మొదటిదాన్ని నిజాయితీగా చదవగలదా? మతగ్రంథాల మూలభాష ఒకటి తప్పక నేర్చుకోవాలని సీనియర్లు చెబుతున్నారు. అది నిజంగా అవసరమా?

జవాబు 1 (మతాధ్యయనం బోధించే అధ్యాపకుడు)

మీ అధ్యాపకురాలు ఆ తీర్పును గది బయట ఉంచుతామన్నారు, అంతే. సత్యమనేదే లేదని అనలేదు.

దైవశాస్త్రం ఒక సంప్రదాయం లోపల నిలబడి, తాను నమ్మినదాన్ని తర్కంతో, చరిత్రతో, గ్రంథపరిశీలనతో అర్థం చేసుకోవాలనుకుంటుంది. అవగాహనను వెతుక్కునే విశ్వాసం అని 11వ శతాబ్దపు క్రైస్తవ దైవశాస్త్రవేత్త అన్సెల్మ్ చెప్పింది దీన్నే. మతాధ్యయనం వయసు అంతకన్నా చాలా తక్కువ. ఒక్క మతమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియదని 1870లో లండన్ ఉపన్యాసాల్లో సంస్కృత పండితుడు మాక్స్ ముల్లర్ వాదించాడు. 1967లో నినియన్ స్మార్ట్ అనే పండితుడు ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన శాఖ ఏ ఒక్క మతం పక్షానా నిలవకుండా అన్ని సంప్రదాయాలనూ చదివే పద్ధతికి బలం చేకూర్చింది.

అయితే ఈ పద్ధతిలోని నిగ్రహం ఆధునికులు కనిపెట్టినదేమీ కాదు. 11వ శతాబ్దంలోనే ముస్లిం పండితుడు అల్ బిరూనీ సంస్కృతం నేర్చుకుని హిందువుల విశ్వాసాల గురించి రాస్తూ, తనది వాదగ్రంథం కాదని, వారి మాటను వారి మాటగానే అందిస్తానని ముందే స్పష్టం చేశాడు. దర్శనాల్లోని పూర్వపక్షం కూడా ఇలాంటిదే. ఎదుటివాడి వాదాన్ని అతడే ఒప్పుకునేంత బలంగా చెప్పిన తర్వాతే ఖండనకు దిగాలి. మతాధ్యయనం ఆ పూర్వపక్షం దగ్గరే ఆగిపోతుంది, ఖండనమూ మండనమూ దాని పని కాదు. నా విద్యార్థుల వ్యాసాల్లో నేను మొదట చూసేది, ఆ మతాన్ని పాటించే మనిషి దాన్ని చదివితే "అవును, మేం ఇదే నమ్ముతాం" అనగలడా అని. నమ్మకం అంటే ఏమిటో లోపలినుంచి తెలిసిన మీలాంటివారికి ఇది సహాయపడుతుందే తప్ప అడ్డురాదు.

జవాబు 2 (దైవశాస్త్రంలో పట్టా పొందిన విశ్వాసి)

అధ్యాపకుడి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, నమ్మకాన్ని పక్కన పెట్టడం తేలిక అని మాత్రం మీరు అనుకోకూడదు. పైగా నాకు గట్టి దెబ్బ తగిలింది మతాధ్యయనంలో కాదు, దైవశాస్త్రం తరగతిలోనే.

మత్తయి, మార్కు, లూకా సువార్తల్లోని ఒకే సంఘటనను మూడు నిలువు వరుసల్లో పక్కపక్కన అచ్చువేసిన పుటను మా చేతికిచ్చి, మూడింటిలోనూ ఉన్న మాటల కింద ఒక రంగు, రెండింటిలోనే ఉన్నవాటి కింద మరో రంగు గీయమన్నారు. గంటసేపు గీసేసరికి, ఒకరు రాసేటప్పుడు మరొకరి రాతను ఎదురుగా పెట్టుకుని ఉండాలని ఎవరూ చెప్పకుండానే నాకు అర్థమైంది. తర్వాతి వారం మార్కు సువార్త ముగింపుకు వచ్చాం. 4వ శతాబ్దానికి చెందిన సినాయ్, వాటికన్ అనే గ్రీకు చేతిరాత ప్రతుల్లో ఆ సువార్త 16వ అధ్యాయం 8వ వచనం దగ్గర, సమాధి నుంచి పారిపోయిన స్త్రీలు భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదన్న మాటతో ఆగిపోతుంది. నేను చిన్నప్పుడు కంఠస్థం చేసిన మిగతా 12 వచనాలు వాటిలో లేవు. వాటికన్ ప్రతిలో ఆ తర్వాతి నిలువు వరుస ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీని ఫోటోలో చూసిన రాత్రి నేను ప్రార్థన చేయలేకపోయాను.

నా విశ్వాసం పోలేదు. గ్రంథాన్ని చేత్తో రాసి, ఎలా ముగించాలో తెలియక తడబడి, అయినా భద్రంగా దాచి అందించిన మనుషులు నాకు మొదటిసారి కనిపించారు. వాళ్లమీద ఉన్న ప్రేమతోనే ఇవాళ అదే అధ్యాయం చదువుతాను. మీకూ అలాంటి రోజు వస్తుంది. ఆ రోజే ఏ తీర్మానమూ చేసుకోకండి. మీ ప్రశ్నను మీకన్నా ముందు ఎవరు మోశారో వెతకండి. 1095లో బాగ్దాద్‌లో ఎంతో పేరున్న అధ్యాపక పదవిని వదిలేసి వెళ్లిపోయిన ఇస్లాం పండితుడు గజాలీ, తన సందేహాల కథను తర్వాత తానే రాసిపెట్టాడు.

జవాబు 3 (సంస్కృత, పాళీ గ్రంథాల పరిశోధకురాలు)

భాష సంగతి చెబుతాను. అవసరమే.

ఛాందోగ్యోపనిషత్తులో "స ఆత్మా తత్త్వమసి" అనే వాక్యం ఉంది. శంకరులు దీన్ని "అదే నీవు" అని గ్రహించి జీవుడూ బ్రహ్మమూ ఒకటేనని చెప్పారు. మధ్వాచార్యుల పక్షంలో అదే అక్షరాలను "ఆత్మా, అతత్ త్వమ్ అసి" అని విడదీస్తారు. అప్పుడు "అది నీవు కావు" అని అర్థం వస్తుంది. సంధిలో కలిసిపోయిన ఒక్క అకారం చుట్టూ రెండు దర్శనాలు నిలబడ్డాయి. అనువాదంలో ఆ అకారం మీకు కనబడనే కనబడదు.

మనకు తెలుసనుకునే మాటలతోనే ఎక్కువ ప్రమాదం. "దుఃఖం" తెలుగులో ఉంది కనుక పాళీ గ్రంథాల్లో బుద్ధుడు చెప్పిన దుక్ఖం అర్థమైపోయిందనుకుంటాం. సుఖం కూడా నిలవదన్న గ్రహింపు అందులో చేరి ఉందని గమనించం. "మతం" అన్న మాటే చూడండి. సంస్కృతంలో దానికి అభిప్రాయం అని అర్థం, మన అభిమతం, సమ్మతం వచ్చింది అక్కడినుంచే. పూజ, ఉపవాసం, అంత్యక్రియలు, పాట, బంధుత్వం అన్నింటినీ ఆ చిన్న మాటలో సర్దేశాం. స్థాపకుడు, గ్రంథం, సిద్ధాంతం అనే గడులతో ఉండే పాఠ్యపుస్తకపు పట్టికలో స్థాపకుడూ గ్రంథమూ లేని సంప్రదాయాలకు ఖాళీ గడులే మిగులుతాయి. లోపం ఆ సంప్రదాయాలది కాదు, పట్టికది. ఇంగ్లీషువారి "రిలిజియన్" అనే మాటనే వదిలేయడం మంచిదని మతాధ్యయన పండితుడు విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1962లో వాదించడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. మొదటి వ్యాసానికి మరో సంప్రదాయంలోని ప్రార్థనను ఎంచుకుంటున్నాను. సమర్పించే ముందు, ఆ ప్రార్థనను రోజూ చేసే నా సహవిద్యార్థినికి చదివి వినిపిస్తాను. వచ్చే సెమిస్టర్‌లో గ్రీకు తీసుకోవాలనుకుంటున్నాను. ఈలోపు నా అంతట నేను ఏం మొదలుపెట్టవచ్చు?

జవాబు 3 (పరిశోధకురాలు)

లిపితో మొదలుపెట్టండి. మీకు ఇప్పటికే కంఠస్థమైన చిన్న భాగాన్ని తీసుకుని, రోజుకు రెండు పంక్తులు మూలంలో చూసి చేత్తో రాయండి. అర్థం తెలిసిన వాక్యం కనుక అక్షరాలు త్వరగా పట్టుబడతాయి.