శుక్రవారం రిలీజ్, ఇద్దరమే టెస్టర్లం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది మెడికల్ షాపుల బిల్లింగ్ యాప్ అండి. రిగ్రెషన్ కేసులు (పాతవి చెడిపోలేదని మళ్లీ చూసే టెస్టులు) ఆరు వందల పైనే ఉన్నాయి, అన్నీ రన్ చేసే టైమ్ లేదు, మేనేజరేమో అన్ని మాడ్యూల్స్ సమానంగా చూడమంటున్నారు. పోయినసారి అలాగే చేశాం, లాగిన్, ప్రొఫైల్ స్క్రీన్ల మీదే రెండ్రోజులు పోయాయి, తీరా చూస్తే రిటర్న్స్‌లో, అంటే వాపసు ఇచ్చిన మందుల లెక్కలో జీఎస్టీ తప్పు పడుతోందని షాపువాళ్లే ఫోన్ చేశారు. చాలా బాధేసింది. బగ్స్ ఎక్కడ ఉంటాయో మీరెలా పసిగడతారు?

జవాబు 1:
ముందు గిట్ లాగ్ (కోడ్‌లో చేసిన మార్పుల చిట్టా) తీయండి. పోయిన రిలీజ్ నుంచి ఏ ఫైళ్లు ఎక్కువసార్లు మారాయో చూసి, పక్కనే బగ్స్ నమోదు చేసే జిరాలో పాత బగ్స్ ఏ మాడ్యూల్‌వో రాసుకోండి, రెండిట్లోనూ కనపడేవి నాలుగైదుకి మించవు. బగ్స్ చీమల్లాంటివి, ఒకటి కనపడిందంటే పుట్ట దగ్గర్లోనే ఉంటుంది. లాగిన్‌కి అరగంట చాలు.

జవాబు 2:
అన్న చెప్పింది కరెక్టే కానీ కోడ్ మారలేదు కదా అని వదిలేస్తే దెబ్బ తింటారు. 1996 జూన్ 4న ఏరియన్ 5 మొదటి రాకెట్ అలాగే పోయింది, ఏరియన్ 4లో బాగా నడిచిన కోడ్‌నే తెచ్చి పెట్టారు, కొత్త రాకెట్ వేగానికి 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టక గైడెన్స్ ఆగిపోయింది, 40 సెకన్లు కూడా ఎగరలేదు. కోడ్ పాతదే, దాన్లోకి వచ్చే డేటా కొత్తది. ఇంతకీ మీ రిటర్న్స్ బగ్ 2025 సెప్టెంబర్ 22 తర్వాత వచ్చిందా? ఆరోజే చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 అయింది, కొన్నిటికి సున్నా.

అడిగినవారు:
అదేనండి! 20న 12 శాతంతో కొన్న స్ట్రిప్ 25న వాపసు ఇస్తే క్రెడిట్ నోట్ (వాపసుకి ఇచ్చే చీటీ) 5తో పడింది. రిటర్న్స్ కోడ్ ఎవరూ ముట్టుకోలేదు, రేట్ టేబుల్ ఒక్కటే మార్చారు.

జవాబు 2:
చూశారా, గిట్ లాగ్‌లో అది ఎప్పటికీ కనపడదు. డెవలపర్‌ని కూర్చోబెట్టి డేటా, కాన్ఫిగ్ (సెట్టింగులు), బయటి ఏపీఐలు (మన యాప్ మాట్లాడే వేరే సిస్టమ్‌ల లింకులు) ఏం మారాయో కూడా అడగండి. ఆ తర్వాత తేదీ అటూ ఇటూ ఉన్న బిల్లులు, సగం స్ట్రిప్ రిటర్న్, డిస్కౌంట్ ఉన్న బిల్లు, వీటిమీద కూర్చోండి. డబ్బు లెక్క తప్పితే షాపాయన ఊరుకోడు, ప్రొఫైల్ ఫొటో వంకరగా వస్తే వారం ఆగుతాడు.

అడిగినవారు:
సగం స్ట్రిప్ ఇప్పుడే ట్రై చేశా, పైసల దగ్గర రౌండింగ్ తేడా వస్తోంది. మేనేజర్‌కి ఇదే చూపిస్తా.