రంగం (బర్మాలోని రంగూన్) రేవులో బాంబులకు పోయిన మా ముత్తాతకు తద్దినం ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న (గోపాలపూర్, గంజాం జిల్లా):
మా తాత తండ్రి ఇక్కడి రేవులోనే స్టీమరెక్కి రంగం పోయాడు. అక్కడ ఓడల దగ్గర బస్తాలు మోసే ముఠాలో కలాసీ. జపానోళ్ళ బాంబులకు రేవులోనే పోయాడని అదే ముఠాలో పనిచేసిన మా ఊరాయన కబురు తెచ్చాడు. ఆయన ప్రోమ్ దాకా నడిచి, టౌంగుప్ కనుమ దాటి, అరకాన్ మీదుగా ఇల్లు చేరాడట. శవం ఏమైందో ఆయనకీ తెలీదు. ముత్తవ్వ చాన్నాళ్ళు బొట్టు తియ్యలేదు.

రోజు తెలీక తాత ఏటా మహాలయ అమావాస్యకే పెట్టేవాడు, ఇప్పుడు నాన్న కూడా అంతే. ఈమధ్య మా మేనత్త ఒక మాట చెప్పింది: ఆ కబురు తెచ్చినాయన "క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు" అన్నాడని. దీన్నిబట్టి తిథి తెలుస్తుందా?

ఇంకోటి, ఊళ్ళో రాయి మీద ఆయన పేరు చెక్కించాలని ఉంది. కూలికెళ్ళి పోయినవాడికి రాయెందుకని బంధువులే అంటున్నారు. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

జవాబు (బరంపురం):
మీ మేనత్తగారి మాట సరిపోయింది. రంగూన్ మీద మొదటి పెద్ద దాడి 1941 డిసెంబర్ 23, మంగళవారం పొద్దుట. 25న మళ్ళీ వేశారు. మొదటి రోజు జనం వీధుల్లో నిలబడి విమానాలకేసి చూస్తుండగానే బాంబులు పడ్డాయి. మిగిలిన రేవు కూలీలు ఊరొదిలిపోతే ఓడల్లో సరుకు దించేవాళ్ళే లేకపోయారు. చైనాకు పోవాల్సిన యుద్ధసామగ్రి ఆ రేవులోనే పేరుకుపోయింది. ఆ భుజాల మీద ఎంత నడిచిందో మీ బంధువులకు చెప్పండి.

జవాబు (పర్లాకిమిడి, పౌరోహిత్యం):
బాబూ, అది వృష నామ సంవత్సరం, పుష్యమాసం, శుక్లపక్షం. తిథి మాత్రం ఆనాటి పంచాంగం చూపించి ఖాయం చేసుకోండి. మహాలయం మానొద్దు, అదీ పెట్టండి.

జవాబు (ఛత్రపూర్):
రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలో సమాధులు లేని సైనికుల పేర్లు 27 వేల దాకా చెక్కారు. అది సైనికుల కోసం కట్టింది, కలాసీల పేర్లు అందులో ఉండవు. మీరు చెక్కిస్తేనే ఆ పేరు ఉంటుంది తమ్ముడూ.

ప్రశ్న అడిగినవారు:
పంతులుగారికి దండాలు. నాన్నకి చదివి వినిపించాను, చెక్కించమన్నాడు. పేరు కింద "రంగం రేవు కలాసీ" అనే రాయిస్తాను, తెలుగులోనూ ఒడియాలోనూ. బరంపురంలో తెలుగు అక్షరాలు తప్పుల్లేకుండా చెక్కేవాళ్ళుంటే చెప్పండి అన్నా.