మంగమారిపేట రాతి తోరణం, ఇసుక పీతలు: ఫోటోలు కుదరట్లేదు, కాస్త చెప్పండి

అందరికీ నమస్తే, మాది వైజాగే. పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా, దూరంవి దగ్గరగా తీసే 70-300 జూమ్ లెన్స్ ఉన్నాయి, రెండూ సెకండ్ హ్యాండే. ఆదివారాలు తెల్లారకముందే బండేసుకుని భీమిలి రోడ్డులో మంగమారిపేట వెళ్తున్నాను, తొట్లకొండ ఎదురుగా రాతి తోరణం ఉంటుంది కదా, అక్కడికి. సముద్రం పాటు మీద ఉంటేనే, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే, అక్కడిదాకా నడవగలం, మొన్న టైమ్ చూసుకోకుండా వెళ్లి నడుం దాకా తడిసి ట్రైపాడ్ నెత్తిన పెట్టుకుని వచ్చాను, మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

అసలు బాధేంటంటే మనకి సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి రాయికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) పెడితే ఆకాశం తెల్లగా పోతోంది, ఆకాశానికి పెడితే రాయి నల్లముద్ద. వేరే వేరే ఎక్స్‌పోజర్లతో మూడు షాట్లు తీసి కలుపుదామంటే అలలు ఒకదానిమీద ఒకటి మసకమసగ్గా వస్తున్నాయి. గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ (పైసగం నల్లగా ఉండి ఆకాశం వెలుగు తగ్గించే అద్దం) కొననా, లేక రా ఫైల్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫోటో) తీసి తర్వాత కంప్యూటర్‌లో నల్లటి చోట్లు వెలుగు పెంచుకోవడమే మేలా?

ఇంకోటి, ఇసుక పీతలు. పుల్లల మీద గుచ్చినట్టున్న కళ్లు నిక్కబెట్టి చూస్తాయి, నేను పొట్టమీద పాకుతూ పది అడుగుల్లోకి రాగానే బొరియలోకి తుర్రు. కదలకుండా ఎంతసేపు పడుకుంటే బయటికొస్తాయి?

లెన్స్ మీద ఉప్పు జిడ్డుకి మీరేం వాడతారో కూడా చెప్పండి, పొడిగుడ్డతో రుద్ది ఇప్పటికే ఒక ఫిల్టర్ గీతలు చేసుకున్నాను. అన్నట్టు గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల మీద ఫ్లాష్ వెయ్యను, ఆ సలహా మాత్రం వద్దు.