సమస్యాపూరణం: సింగము నొక కుక్క గూల్చెఁ జిత్రము గాదే

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్సులు. నేటి సమస్య, అంటే మీ పద్యానికి చివరి పాదంగా రావలసినది, కందపాదం. ప్రాస బిందుపూర్వక గకారం, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం సున్న తరువాతి ‘గ’.

“సింగము నొక కుక్క గూల్చెఁ జిత్రము గాదే”

పురాణాల జోలికి పోకుండా, నేడు అడవిలో తిరుగుతున్న సింహాల గురించే పూరించండి.

అడవిమల్లె:

జంగిలి పశువుం దినుచో
నెంగిలిఁ గలసిన తెగులది యెదఁ బాకంగన్
భంగపడెను గిర్ వనమే
సింగము నొక కుక్క గూల్చెఁ జిత్రము గాదే

(2018లో గుజరాత్‌లోని గిర్ అడవి తూర్పున దల్ఖాణియా రేంజ్‌లో కొద్ది వారాల్లోనే 20కి పైగా సింహాలు చనిపోయాయి. కొన్నింటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది.)

నిర్వాహకుడు: ‘ఎంగిలి’ ఈ పద్యానికి ప్రాణం. కాని పశువును తిన్నదెవరు? కర్త లోపించింది. “జంగిలి పశువున్ హరి దిన” అంటే సరిపోతుంది (హరి అంటే సింహం).

అడవిమల్లె: సవరించుకున్నాను గురువుగారూ, ధన్యవాదాలు.

గోదారిగట్టు:

నింగినిఁ జూచెడు బావులు
పొంగెడు విద్యుత్తు కంచె పొలమున నుండన్
దొంగలు మనమై యుండఁగ
సింగము నొక కుక్క గూల్చెఁ జిత్రము గాదే

గిర్ చుట్టూ పొలాల్లో పిట్టగోడ లేని బావుల్లో పడి ఎన్నో సింహాలు చనిపోయాయి. పీపావావ్ రేవుకు పోయే గూడ్సు బళ్ళ కింద కూడా. రైలును పద్యంలో ఇమడ్చలేకపోయాను.

నిర్వాహకుడు: మొదటి పాదం చాలా బాగుంది. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య ‘అనుట’ లోపించి అన్వయం తెగింది. “దొంగలు మన మందురె యిటు” అని చూడండి.

ఛందోవిద్యార్థి: ఒక సందేహం. 2020లో 674 ఉన్న సింహాలు 2025 లెక్కకు 891 అయ్యాయి కదా, ఇంత దిగులెందుకు?

అడవిమల్లె: పెరిగాయి, నిజమే. కాని అవన్నీ ఒక్క సౌరాష్ట్రలోనే ఉన్నాయండీ, అన్నీ ఒకప్పుడు మిగిలిన గుప్పెడు సింహాల సంతతే. ఆ తెగులు మళ్ళీ వస్తే? కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2022లో అక్కడికి నమీబియా చీతాలు వచ్చాయి, గిర్ సింహం రాలేదు. ఇది తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. అందుకే మరో పూరణ:

బంగరు సెరెంగెటిన్ మును
మ్రింగెను దెగులదియె వేయి మృగరాజులనున్
సంగతి మఱచినచోఁ జెలి
సింగము నొక కుక్క గూల్చెఁ జిత్రము గాదే

నిర్వాహకుడు: ‘చిత్రము గాదే’ అనే ప్రశ్నను చెలికి చెప్పే జవాబుగా మార్చారు, “చిత్రం కాదే అమ్మాయీ” అని! ఈ రోజు వచ్చిన పూరణల్లో నాకు ఇదే మిన్న. 1994 నాటి ఆ దెబ్బకు టాంజానియాలోని సెరెంగెటి సింహాల్లో మూడో వంతు పోయాయి. ఆ తరువాత చుట్టుపక్కల పల్లెల్లో కుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు. ‘బంగరు’ మాత్రం ప్రాస కోసం వచ్చినట్టుంది.

అడవిమల్లె: కాదండీ. వానలు వెనకబట్టాక అక్కడి గడ్డి అంతా పసుపు పచ్చగా ఎండిపోతుంది. అందులో పడుకున్న సింహం ఓ పట్టాన కనబడదు.

నిర్వాహకుడు: అయితే ఉంచండి.