మనాలి పోతే అమ్మను వేడినీళ్ళ గుండంల దించాల్నా, వద్దా?

మర్రిగూడ పిలగాడు:
అందరికి నమస్తే. దసరా సెలవులల్ల మనాలి పోతున్నం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మకు అరవై దాటినయ్. పుట్టిందీ, బతికిందీ నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కే. ఫ్లోరైడ్ ఉన్న బోరింగు నీళ్ళు తాగి పెరిగిన మనిషి, మీకు తెల్వంది కాదు. మెడ తిరగదు, నడుము వంగదు, కూసుంటే లేవడానికి ఒకరు రెక్క పట్టాలె. మనాలికి 3 కిలోమీటర్లల్ల వశిష్ఠ్ గుడి కాడ వేడినీళ్ళ గుండం ఉందట. 80 కిలోమీటర్ల దూరంల మణికరణ్ ఉందట. ఆ నీళ్ళల్ల గంధకం ఉంటది, కీళ్ళ నొప్పులు పోతయని మా ఆఫీసుల ఒకాయన చెప్పిండు. మా చేతిల ఒక్క రోజే ఉంటది. రెండింట్ల ఏది నయం? పోయొచ్చినోళ్ళు చెప్పుండ్రి.

సాగర్ కట్ట:
వశిష్ఠ్. మణికరణ్‌ల తొక్కుడు ఎక్కువ.

జడ్చర్ల స్టీరింగ్:
అన్నా, నేను టూరు బండ్లు నడుపుత, ఆ దిక్కు తిరిగినోన్ని. వశిష్ఠ్ దగ్గర. ఆడోళ్ళకు వేరే గుండం, మొగోళ్ళకు వేరే గుండం, చుట్టూ గోడ ఉంటది. మణికరణ్ అంటే మనాలికెళ్ళి కిందికి భుంతర్ దాకా దిగి, మళ్ళ పార్వతి నది ఎంబడి 35 కిలోమీటర్లు ఎక్కాలె. సన్న రోడ్డు. ఎదురుంగ బస్సొస్తే ఎవరో ఒకరు ఎనక్కి పోవాల్సిందే. గురుద్వారా కాడ ఊటల నీళ్ళు సలసల కాగుతుంటయ్, బియ్యం మూట గట్టి అండ్ల దింపితే అన్నమైతది, గురుద్వారాల అందరికి పెట్టే లంగరు బువ్వ గట్లనే వండుతరు. స్నానానికి చల్లనీళ్ళు కలిపిన గుండం వేరే. వానకాలమైతే అటు మొఖాన పోవద్దు, 2023 జులైల బియాస్ పొంగి కుల్లూ-మనాలి రోడ్డును కోసుకపోయింది. దసరాకు పర్వాలే గని ఇంకో సంగతి యాదికుంచుకో. మన దసరా అయ్యే రోజు కుల్లూల వాళ్ళ దసరా షురూ అయితది, వారం రోజులు నడుస్తది. ఊరూరి దేవుళ్ళను పల్లకీలల్ల మోసుకొస్తరు. ట్రాఫిక్ సంగతి అడగకు.

పానగల్ పంతులు:
దారి గురించి చెప్పారు, బాగుంది. అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. నేను మర్రిగూడ, నాంపల్లి దిక్కు బడుల్లో సైన్సు చెప్పి రిటైరైన వాణ్ణి. నాయనా, కీళ్ళు అరగడం వేరు, ఫ్లోరైడ్ నీళ్ళతో వచ్చే ఫ్లోరోసిస్ వేరు. మోకాలు అరిగిన వాళ్ళకు వేడినీళ్ళలో కూర్చుంటే కాసేపు హాయిగా ఉంటుంది. దానిమీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2007లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించి, ఆధారాలు బలంగా లేవనే తేల్చింది. ఫ్లోరోసిస్‌లో ఎముకే గట్టిపడుతుంది, వెన్నుపూసలను కట్టి ఉంచే బంధనాలు సున్నం పట్టి బిగుసుకుపోతాయి. ఏ నీళ్ళలో నానినా ఆ సున్నం కరగదు.

రెండో మాట. ఆ నీళ్ళు తీర్థమని ఒక్క గుక్క కూడా తాగించవద్దు. అక్కడ కింద అగ్నిపర్వతమేమీ లేదు. వాననీరు, మంచు కరిగిన నీరు రాతి పగుళ్ళలో నుంచి లోతుకు దిగుతాయి. కిలోమీటరు దిగితే 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. పెద్ద పగులు దొరికిన చోట ఆ నీళ్ళు పైకి తన్నుకొస్తాయి, వచ్చేటప్పుడు రాతిలో ఉన్నదాన్ని కరిగించుకొని తెస్తాయి. ఫ్లోరైడ్ కూడా అందులో భాగమే. బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో బక్రేశ్వర్ ఊటల్లో తాగునీటి పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎన్నో రెట్లు ఫ్లోరైడ్ ఉంది. మన గ్రానైటు మన బోర్లకు చేసిందీ ఇదే పని.

పాలమూరు కోడలు:
గంత దూరం ఎందుకు తమ్మీ? మహానందికి పో. చలికాలం కోనేరు నీళ్ళు వెచ్చగ ఉంటయ్. కర్నూలు దాటి నంద్యాల, ఆ పక్కనే. పొద్దుగాల బయలెల్లితే మాపటికి ఇంట్ల ఉంటవ్.

నల్లమల నడక:
అక్కా, మహానందిది వేడినీటి ఊట కాదు. భూమిలోపలి నీళ్ళు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడితో ఉంటాయి. బయట చలి ఉన్నప్పుడు వెచ్చగా, ఎండలు కొట్టినప్పుడు చల్లగా తగులుతాయి. మారేది గాలి, నీళ్ళు కాదు.

పాలమూరు కోడలు:
మేం మునిగినోళ్ళం. నువ్వు చదివినోనివి.

నల్లమల నడక:
నేనూ మునిగాను. థర్మామీటర్ పట్టుకొని మునిగితే తెలుస్తుంది. ఇంకోటి, జడ్చర్ల అన్న సలసల కాగుతయ్ అన్నాడు. మణికరణ్ 1,700 మీటర్ల పైన ఉంది. అంత ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, 100 కాదు. పంతులు గారూ, ఒక్క గుక్కకే ఫ్లోరోసిస్ రాదు కదా. ఏళ్ళ తరబడి తాగితేనే కదా వచ్చేది?

జడ్చర్ల స్టీరింగ్:
నేను 100 అన్ననా తమ్మీ? ఏలు పెట్టి చూడు, 94కు కాలదా?

పానగల్ పంతులు:
ఒక్క గుక్కకు రాదు, నిజమే. కానీ అక్కడ గుక్కతో ఆగదు. సీసాలో నింపుకొని వస్తారు, ఇంటికొచ్చి పొద్దున్నే ఒక చెంచా అంటారు. ఒంట్లో ఇప్పటికే నిండిపోయిన మనిషికి ఆ చెంచా ఎందుకు?

సాగర్ కట్ట:
భద్రాచలం కాడ గుండాల పోండి. గోదారి ఒడ్డున ఇసుకల గుంత తీస్తే వేడినీళ్ళు వస్తయ్. ఇప్పుడు ఆంధ్రల కలిసింది గని, మనకు దగ్గరనే.

పానగల్ పంతులు:
అది ఉంది. మణుగూరు పక్క పగిడేరులో సింగరేణి వాళ్ళు బొగ్గు కోసం బోరు వేస్తే వేడినీళ్ళు ఎగజిమ్మాయి, ఆ వేడితోనే 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు పెట్టారు. మనవాళ్ళకు హిమాలయాలు తెలుసు గానీ గోదావరి లోయ తెలియదు.

మర్రిగూడ పిలగాడు:
కరెంటు నాకెందుకు సార్. వశిష్ఠా, మణికరణా అని అడిగిన. ఒక్కరన్న దానికి సక్కగ జవాబు ఇయ్యరు.

జడ్చర్ల స్టీరింగ్:
ఒకటి చెప్త, కోపం తెచ్చుకోకు. ఒక సారి గట్లనే ఒక ముసలామెను తీస్కపోయినం. ఏజెంటు వేడినీళ్ళు మంచియి అని ఒకటే ఊదరగొట్టిండు. ఆమె గుండంల ఉన్నంత సేపు బాగనే ఉంది, లేసి నిలబడంగనే కండ్లు తిరిగి పడ్డది. బీపీ గోలీ ఏసుకున్నదట. ఏజెంటు ఫోనెత్తలె. దవాఖానకు నేను తీస్కపోయిన, వెయిటింగు పైసలు గూడ నాకే పడ్డయ్. వేడినీళ్ళల్ల రక్తనాళాలు వదులైతయ్, బీపీ పడిపోతదని డాక్టర్ చెప్పిండు. షుగరున్నోళ్ళకైతే కాళ్ళు కాలినా తెల్వదట.

పానగల్ పంతులు:
నేను అనేదీ అదే. పైగా ఢిల్లీ నుంచి మనాలికి రాత్రంతా బస్సు, 500 కిలోమీటర్ల పైమాట. వెన్ను బిగిసిన మనిషిని కొండ మలుపుల్లో అన్ని గంటలు కూర్చోబెట్టి, పావుగంట వేడినీళ్ళు చూపిస్తే ఏమి లాభం? ఇంట్లో బకెట్ నీళ్ళు కాచి కాపడం పెడితే సరిపోతుంది.

మర్రిగూడ పిలగాడు:
సార్, మీరు చెప్పేదంత నేను చిన్నప్పటి నుంచి వింటనే ఉన్న. తగ్గదు. నయం కాదు. తాగొద్దు. డాక్టర్లు వచ్చిండ్రు, ఎక్స్‌రేలు తీసుకపోయిండ్రు. ఫోటోలోళ్ళు వచ్చిండ్రు, వంకర కాళ్ళ పిల్లలను ఎండల నిలబెట్టి ఫోటోలు తీసిండ్రు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరు పెట్టిండ్రు, దేశమంత చదువుకుంటది. ఆ పటిక మా ఇంటి బిందె దాకా ఎన్నడు రాలె. కృష్ణా నీళ్ళు మా వాడకు వచ్చేసరికి మా అమ్మ నడుము అయిపోయింది. ఇప్పుడు నా పైసలు పెట్టి పావుగంట వేడినీళ్ళల్ల కూసోబెడ్త అంటే, దానికి గూడ మీ సైన్సు ఒప్పుకోదు. బకెట్ కాచుకోమంటరు. బకెట్లు కాచుడు మాకు తెల్వదా?

పానగల్ పంతులు:
నా సైన్సు, నీ సైన్సు అని ఉండదు. నేను ఆ ఊళ్ళల్లో పాఠం చెప్పి బస్సెక్కి పోయినవాణ్ణి కాదు, మా పిల్లల ఇళ్ళకు తిరిగిన వాణ్ణి. తైలమని ఒకడు వచ్చాడు, పసరని ఒకడు వచ్చాడు, నడుముకు కట్టుకునే అయస్కాంతం పట్టీ అని ఇంకొకడు వచ్చాడు. ఒక ఇంట్లో పుస్తెలతాడు కుదువపెట్టి ఆ పట్టీ కొన్నారు. ఆ తల్లి రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి మెడ తిప్పి చూసుకునేది. ఆర్నెల్లు చూసుకుంది. తర్వాత, నేనే సరిగ్గా కట్టుకోలేదేమో సారూ అని నన్ను అడిగింది. అమ్మినవాణ్ణి ఒక్క మాట అనలేదు. అందుకే అడుగుతున్నాను, ఆఫీసాయన చెప్పిన మాట మీ అమ్మకు చెప్పావా?

మర్రిగూడ పిలగాడు:
చెప్పిన. సంతోషపడ్డది. తప్పా?

పానగల్ పంతులు:
తిరిగొచ్చాక మెడ తిరగకపోతే ఏం చెప్తావు?

నల్లమల నడక:
సార్, మరీ కఠినంగా మాట్లాడుతున్నారు.

మర్రిగూడ పిలగాడు:
మాట్లాడనియ్ అన్నా. సార్, మా అమ్మ కాడ చెల్లె ఉంటది. పొద్దుగాల లేపుడు, తానం పోపుడు, అన్నీ చెల్లెనే. నేను హైదరాబాద్‌ల ఉంట, నెలనెల పైసలు పంపుత. పండుగకొస్తే ఆడ నేను చుట్టం లెక్కనే. ఈ ఒక్కటి నా చేతుల మీద జరగాలనుకున్న. గంతే. వశిష్ఠ్ అయితే వశిష్ఠ్, మణికరణ్ అయితే మణికరణ్.

పాలమూరు కోడలు:
తమ్మీ, ఇప్పుడు మతలబు బయటపడ్డది. నీ చేతుల మీద అంటున్నవ్. ఆడోళ్ళ గుండం వేరే అని జడ్చర్లాయన మొదట్లనే రాసిండు. నువ్వు గోడ బయట నిలబడ్తవ్. లోపల తడి బండల మీద, నడుము వంగని మనిషిని రెక్క పట్టి దించేది నీ భార్య. ఆమెను అడిగినవా?

2016 కృష్ణా పుష్కరాలల్ల మా అత్తను నేనే దించిన. పాసి పట్టిన మెట్టు మీద అత్త కాలు జారింది, ఆమెను పట్టుకోబోయి నేను జారిన. అత్తకు ఏం గాలే, నా మణికట్టు విరిగింది. ఇప్పటికీ చపాతి పిండి పిసుకుతుంటే గుంజుతది. ఊర్ల మాత్రం ఏమనుకున్నరంటే, ఫలానా కొడుకు తల్లికి పుష్కర తానం చేయించిండు అని. ఫోటోల గూడ మా ఆయనే ఉన్నడు, పొడి బట్టలతోని.

మర్రిగూడ పిలగాడు:
అక్కా, మా ఇంట్ల ముచ్చట నీకెందుకు? మా ఆమె ఏం కాదనదు.

పాలమూరు కోడలు:
ఇంట్ల ముచ్చట పది మందిల పెట్టింది నువ్వే. కాదనదు అంటున్నవ్, అడిగిన అంటలేవ్.

జడ్చర్ల స్టీరింగ్:
అరే, లొల్లి ఆపుండ్రి జర. ఒక తొవ్వ ఉంది. మణికరణ్‌ల కొన్ని గెస్ట్‌హౌసులల్ల ఊట నీళ్ళను లోపలికే పైపు గుంజిండ్రు. తలుపేసుకునే బాత్‌రూం, అండ్ల చిన్న తొట్టి. ఇంటోళ్ళే ఉంటరు కాబట్టి కొడుకైనా పట్టుకోవచ్చు. ముందుగల ఫోన్ చేసి, మెట్లు ఎన్ని, పట్టుకునేదానికి గోడకు రాడ్ ఉందా అని అడుగు. గది కింది అంతస్తుల ఉండాలె. మరి రోడ్డు సన్నం అంటివి గద అంటవేమో. నడిపెటోడు సక్కనోడైతే భుంతర్ కెళ్ళి గంట, గంటన్నరల పోతడు.

పానగల్ పంతులు:
అదైతే కొంత నయం. నీళ్ళు మోచేతితో చూసి, చల్లనీళ్ళు కలపాలి. పది నిమిషాలు మించవద్దు. లేచేటప్పుడు ఒకేసారి నిలబెట్టకుండా తొట్టి అంచున కూర్చోబెట్టాలి. బీపీ, షుగర్ ఉంటే వెళ్ళేముందే డాక్టర్‌ను అడగాలి. బస్సు మాటకు మాత్రం నేను ఒప్పుకోను.

మర్రిగూడ పిలగాడు:
బస్సు తీసేసిన సార్. చండీగఢ్ దాకా విమానం, ఆడికెళ్ళి కారు, నడుమల మండిల ఒక రాత్రి ఆగుతం. పిల్లల బడి ఇంకో రెండు రోజులు పోతది, పోనీ.

మా ఆమెను అడిగిన. ఈ చర్చ అంత సదివింది. గుండంల దించుడు నా తోని కాదు, తొట్టి అయితే నువ్వు గూడ లోపలికి రా, నేను ఒక రెక్క నువ్వు ఒక రెక్క అన్నది. చెల్లెను గూడ తీస్కపోదాం అన్నది. చెల్లెకు తెలిసినన్ని పట్లు మాకు తెల్వయట. టికెట్ పైసలు ఇంకో 15 వేలు అయితయ్.

పాలమూరు కోడలు:
చెల్లె వస్తే మంచిదే. ఆమె గూడ ఊరు దాటి ఎన్నేండ్లయిందో.

నల్లమల నడక:
వశిష్ఠ్ వదిలేయకండి. గుడి పాతది, చెక్కపని బాగుంటుంది. స్నానం లేకున్నా చూడొచ్చు.

పానగల్ పంతులు:
అంతా కుదిరింది. నేను అడిగింది మాత్రం అట్లాగే ఉంది. ఆమెకు ఏమని చెప్పి తీసుకుపోతున్నావు?

మర్రిగూడ పిలగాడు:
నయమైతదనే చెప్పిన సార్. వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతుంది. ఇప్పుడు పోయి కాదని ఎట్ల చెప్పాలె?

పానగల్ పంతులు:
నయం కాదని చెప్పమనడం లేదు. రెండు రోజులు హాయిగా ఉంటుందని చెప్పు. అది అబద్ధం కాదు.

మర్రిగూడ పిలగాడు:
చెల్లెను చెప్పమంట. నా మాట కంటే దాని మాటే ఇంటది.

పాలమూరు కోడలు:
మళ్ళ చెల్లెనే!

సాగర్ కట్ట:
గదులు ఇప్పుడే బుక్ చేస్కో. కుల్లూ దసరా వారంల దొరకయ్.