అకూనిన్ డిటెక్టివ్ నవలలు: పాండిత్యానికి నష్టమా, కొనసాగింపా?

చర్చ ప్రారంభించినవారు:
రష్యన్ రచయిత బోరిస్ అకూనిన్ అసలు పేరు గ్రిగోరి చ్ఖర్తిష్విలి. 1956లో జార్జియాలో పుట్టి మాస్కోలో పెరిగిన ఈయన జపనీస్ చదువుకుని, జపాన్ రచయిత మిషిమా రచనలను రష్యన్‌లోకి తెచ్చి, విదేశీ సాహిత్యాన్ని పరిచయం చేసే ‘ఇనస్త్రాన్నయా లితెరతూరా’ పత్రికకు ఉపసంపాదకులుగా పనిచేశారు. అటువంటి పండితుడు 1998లో ‘అజజేల్’తో డిటెక్టివ్ నవలల వైపు మళ్లి, 2000లో పత్రికను కూడా విడిచిపెట్టారు. కాలక్షేపానికి రాయగలవారు ఎందరైనా దొరుకుతారు, అంత చదువుకున్న విమర్శకులు ఎందరు దొరుకుతారు? దీనిని నేను నష్టంగానే భావిస్తున్నాను.

సమాధానం:
ఆయన చదువును పక్కన పెట్టి నవలలు రాశారన్న మాటను నేను ఒప్పుకోలేను. రచయితల ఆత్మహత్యల మీద ఆయన అధ్యయన గ్రంథం 1999లో, అంటే ‘అజజేల్’ వచ్చిన మరుసటి ఏడాదే, అసలు పేరుతో వెలువడింది. కలం పేరులోనూ ఆ చదువే ఉంది. జపనీస్‌లో ‘అకునిన్’ అంటే దుర్మార్గుడు.

చెహోవ్ నాటకం ‘సీగల్’నే తీసుకోండి. మూలంలో చివర తెర వెనుక ఏదో పేలుతుంది. డాక్టర్ దోర్న్ వెళ్లి చూసి వచ్చి, ఈథర్ సీసా పగిలిందని అందరికీ చెప్పి, రచయిత త్రిగోరిన్‌ను పక్కకు తీసుకువెళ్లి, ఆ ఇంటి కుర్రవాడు, యువ రచయిత త్రెప్లెవ్ తనను తాను కాల్చుకున్నాడని గొంతు తగ్గించి చెబుతాడు. తెర పడుతుంది. అకూనిన్ అదే పేరుతో రాసిన తన నాటకాన్ని అక్కడి నుంచే ఎత్తుకున్నారు. అది ఆత్మహత్య కాదు, హత్య అని దోర్న్ తేలుస్తాడు. ఆపైన అదే ఇల్లు, అవే మనుషులతో ఎనిమిది ముగింపులు వరుసగా నడుస్తాయి, ప్రతిసారీ దోషులు మారుతుంటారు, చివరికి నేరం దోర్న్ మీదికే వస్తుంది. ఆ కుర్రవాడి చావులో ఇంటిల్లిపాదికీ పాలుందన్నది చెహోవ్ చెప్పకనే చెప్పిన సంగతి అని నేను నమ్ముతాను. విమర్శకుడు వ్యాసంలో వాదించవలసిన దానిని అకూనిన్ రంగస్థలం మీద ఆడించి చూపించారు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర డిటెక్టివ్ నవలలు కూడా రాశారు, దానివల్ల ఆయన పాండిత్యం తగ్గిందని మనలో ఎవరూ అనరు.

చర్చ ప్రారంభించినవారు:
‘సీగల్’ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అయితే చెహోవ్‌ను చదవనివారికి ఆ ఎనిమిది ముగింపులు ఉత్త పొడుపుకథలే కదా. ఆయన డిటెక్టివ్ ఫందోరిన్ కథానాయకుడిగా వచ్చిన నవలలన్నిటికీ ఆ బరువు ఉందని మీరు కూడా అనరనుకుంటాను.

సమాధానం:
అనను, కొన్ని తేలికైనవే. కాని ఆ తేలికదనమే ఆయనను పత్రిక పాఠకులను దాటించి, డిటెక్టివ్ పుస్తకమని ఎవరికీ తెలియకుండా కాగితం అట్ట వేసుకుని మెట్రోలో చదివేవారి దాకా తీసుకువెళ్లింది. 2014లో దేశం విడిచిన ఆయన ఉక్రెయిన్ యుద్ధాన్ని బహిరంగంగా వ్యతిరేకించినప్పుడు, 2023 డిసెంబరులో రష్యా ప్రభుత్వం ఆయనను తీవ్రవాదుల జాబితాలో చేర్చింది, ప్రచురణ సంస్థ ఆయన పుస్తకాల అమ్మకం నిలిపివేసింది, 2025లో ఆయన పరోక్షంలో 14 ఏళ్ల శిక్ష పడింది. అనువాదకుడిగానే మిగిలి ఉంటే ఆ మాట అంతమంది చెవిన పడేదా? వీలైతే రెండు ‘సీగల్’లనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ముందు చెహోవ్‌ది.